ఆ సీసా కూడా వెంట తెచ్చుకోండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే ప్రశ్న: "ఫలానాది తినొచ్చా, తినకూడదా?" అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేయడం నాకు చేతకాదు. ముప్పై ఒక్క ఏళ్లు కనిగిరి, పొదిలి వైపు పల్లెల్లో వైద్యం చేశాను. వచ్చినవాళ్లకు మందుల చీటీ రాసిచ్చి ఇంకో పని కూడా చెప్పేదాన్ని. "ఈసారి వచ్చేటప్పుడు మీరు వాడే ఆ డబ్బా, ఆ సీసా, ఆ ప్యాకెట్ కూడా వెంట తెచ్చుకోండి, చూస్తాను" అని. సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతుంటే జబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చాలాసార్లు అక్కడే తెలిసిపోయేది. ఉత్తరం రాసేవాళ్ల సంచి నాకు కనబడదు కాబట్టి, ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. కింద ఉన్న ఆరుగురూ అలా రాసినవాళ్లే.

*

డాక్టరమ్మ గారూ, మా బాబుకి రెండేళ్లు. ఇంటికి రంగులు వేయిస్తున్నప్పుడు పెయింటరు కూల్‌డ్రింక్ సీసాలో థిన్నర్ పోసి కిటికీ గట్టు మీద పెట్టాడు. బాబు ఒక గుటక తాగేశాడు. మా అత్తయ్య కంగారుపడి ఉప్పునీళ్లు తాగించి కక్కించారు. రాత్రికి దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు. కానీ "నా చేతులతో నేనే వాడి ప్రాణం మీదికి తెచ్చాను" అని అత్తయ్య సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. అసలు మేం ఏం చేసి ఉండాల్సింది?
– ఒక తల్లి, నరసరావుపేట

ముందు ఈ నాలుగు ముక్కలు మీ అత్తయ్యగారికి చదివి వినిపించండి. అమ్మా, విషం మింగితే వెంటనే కక్కించాలని మనందరం చిన్నప్పటి నుంచీ విన్నదే. ఆ కంగారులో మీకు తెలిసింది మీరు చేశారు. మనవడు మీ కళ్ల ముందే ఆడుకుంటున్నాడు. అన్నం తినండి.

ఇక జరిగింది చెబుతాను. థిన్నర్, కిరోసిన్, పెట్రోలు, టర్పెంటైన్ బాగా పల్చనివి, ఇట్టే జారిపోతాయి. ఒక గుటక కడుపులో ఉన్నంతసేపు చేసే హాని తక్కువే. అదే కక్కేటప్పుడు పైకి వచ్చి, గొంతు దగ్గర దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి దిగితే, కొన్ని చుక్కలు చాలు. అక్కడ వాపు పుట్టి న్యుమోనియా వస్తుంది. మింగుతున్నప్పుడు పొలమారినా ఇదే జరుగుతుంది కాబట్టి, మీ బాబుకి కక్కించకపోయినా ఆయాసం వచ్చేదేమో. అత్తయ్యగారికి ఈ సంగతి కూడా చెప్పండి.

ఇలాంటప్పుడు ఉప్పునీళ్లు, పాలు, చింతపండు రసం, గుడ్డు సొన ఏవీ పట్టకూడదు. గొంతులో వేలు పెట్టకూడదు. నోటి చుట్టూ తుడిచి, తడిసిన బట్టలు విప్పేసి, ఒంటికి అంటినచోట సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సీసా వెంట తీసుకెళ్లాలి. బిడ్డ హుషారుగా కనిపించినా కనీసం ఆరు గంటలు డాక్టర్ల కళ్ల ముందు ఉంచాలి, దగ్గు ఆలస్యంగా మొదలవచ్చు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ తాగినా కక్కించకూడదు. దిగేటప్పుడు ఒకసారి కాల్చింది, పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది.

నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనబడే సీసా ఒకటుంది. నారింజ రంగు కూల్‌డ్రింక్ సీసా. లేబుల్ కూడా చిరగలేదు, మూత కూడా దానిదే. పక్క చేను రైతు దగ్గర పావు లీటరు పురుగుమందు బదులు తెచ్చుకుని అందులో పోసి, పశువుల కొట్టం గోడకు తగిలించారు. తాగింది ఏడేళ్ల పిల్ల. బతికింది. ఆ పిల్ల తప్పేముంది? సీసాను చూసి అది కూల్‌డ్రింకే అనుకుంది. ఇంట్లో థిన్నర్, ఫినాయిల్, యాసిడ్, పురుగుమందు ఏదైనా సరే, అది వచ్చిన డబ్బాలోనే ఉండనివ్వండి. నీళ్ల సీసాలోకి, కూల్‌డ్రింక్ సీసాలోకి ఒక్క పూటకైనా మార్చకండి. పనికి వచ్చినవాళ్లకు కూడా మొదటి రోజే చెప్పేయండి, మొహమాటపడకండి.

*

నాకు 54 ఏళ్లు. రెండు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా 160/100 కిందికి దిగడం లేదు. ఉప్పు బాగా తగ్గించాను. కూరల్లో సైంధవ లవణమే వాడుతున్నాం. ఆవకాయ మాత్రం మానలేను. సోడియం తక్కువ ఉన్న ఉప్పు అని కొత్తగా అమ్ముతున్నారు, అది వాడొచ్చా?
– బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

సైంధవ లవణం కూడా ఉప్పేనండీ. రంగు గులాబీగా ఉన్నంత మాత్రాన అందులో సోడియం తగ్గిపోదు. పైగా మామూలు ప్యాకెట్ ఉప్పులో కలిపే అయోడిన్ అందులో సాధారణంగా ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే తలకొట్టిన ఒక టీ చెంచా. కూర, పప్పు, చారు, మజ్జిగ, టిఫిన్, పచ్చడి, అప్పడం అన్నీ కలిపి అంతే. కూరలో తగ్గించి, ఊరమిరపకాయ నంజుకుని మజ్జిగన్నం తింటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మీ ఉత్తరంలో రెండు సంగతులు రాయలేదు. కడుపు ఉబ్బరానికి నీళ్లలో వేస్తే బుసబుస పొంగే పొడి తాగుతున్నారా? మోకాళ్లకో నడుముకో మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని వేసుకుంటున్నారా?

ఎందుకంటే మీలాగే బీపీ దిగని స్కూలు మాస్టారు ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. మాత్ర మార్చాను, మోతాదు పెంచాను, దిగలేదు. సంచి తెమ్మంటే తెచ్చారు. అడుగున రబ్బరు బ్యాండు వేసిన గ్యాస్ పొడి ప్యాకెట్ల కట్ట ఉంది. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి తాగుతున్నారు. అది మందని ఆయన ఏనాడూ అనుకోలేదు, అందుకే నాకు చెప్పలేదు. ఆ పొడిలో ఉండేది తినే సోడా. ఐదు గ్రాముల ప్యాకెట్ ఒక్కటి తాగితే దాదాపు రెండు గ్రాముల ఉప్పు తిన్నంత సోడియం ఒంట్లోకి వెళుతుంది. రెండు ప్యాకెట్లంటే రోజు మొత్తానికి సరిపడే ఉప్పులో ముప్పావు వంతు దానితోనే అయిపోతుంది. అవి మాన్పించి, రాత్రి భోజనం పెందలాడే చేయమన్నాను. మాత్ర మార్చకుండానే బీపీ దిగింది. నొప్పి బిళ్లల సంగతీ అంతే. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనికి అడ్డుపడతాయి, ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి.

ఆవకాయ మానేయమని నేను చెప్పను. కానీ జాడీలో ఉప్పు మాత్రం తగ్గించకండి. అక్కడ ఉప్పు ఉన్నది రుచికొక్కదానికే కాదు, ముక్క చెడిపోకుండా కాపాడేది అదే. తగ్గిస్తే బూజు వస్తుంది. తగ్గించాల్సింది కంచంలో. కందిపప్పు ఉప్పు వేయకుండా ముద్దపప్పుగా వండించుకోండి. ఒక చిన్న ముక్క, కాస్త ఊట, వేడన్నం. ఆ పూటకు పప్పులో ఉప్పు కూడా ఆవకాయదే. ఆ పూట అప్పడం వద్దు, మజ్జిగలో ఉప్పు వద్దు.

సోడియం తక్కువ ఉప్పులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. మామూలు ఉప్పుకు బదులు అది వాడడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో సూచించింది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు మాత్రం ఆ సూచన వర్తించదు. ఇక మీరు వేసుకునే మాత్ర టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ కోవకు చెందినదైతే, అవి అసలే ఒంట్లో పొటాషియాన్ని నిలిపి ఉంచుతాయి. దాని మీద ఈ ఉప్పు కూడా చేరి పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. అందుకని ముందు రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, దానితో పాటు పొటాషియం చూపించుకుని, మీ డాక్టర్ సరేనంటేనే ప్యాకెట్ కొనండి.

*

మాది పొదిలి దగ్గర పల్లె. పెద్దమ్మాయికి పదేళ్లు. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు వచ్చాయి. ఎంత తోమినా పోవడం లేదు. బళ్లో నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఆరేళ్లుగా ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను తెప్పించుకుని తాగుతున్నాం. టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే 60 చూపించింది. మా మామగారికి మెడ తిరగదు, వంగలేరు. బాబుకి మూడేళ్లు, వాడికి కూడా వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. నీళ్లు మంచివైతే మరి ఈ బాధ ఎందుకొచ్చింది?
– ఒక పాఠకురాలు

అమ్మా, మీ ఉత్తరం రెండు రోజులు నా బల్ల మీదే ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లల్ని నేను ఆ ఊళ్లలో ఎంతమందిని చూశానో. ముందుగా ఈ మాట పాపకి చెప్పండి: అది మురికి కాదు. సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదు. ఉప్పుతో, బొగ్గుతో, ఇటుక పొడితో రుద్దించకండి, పన్ను అరిగిపోతుందే తప్ప చార పోదు. శాశ్వతంగా వచ్చే ముందు పళ్లు చిగురు లోపల తయారయ్యేది పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ల లోపు. ఆ వయసులో ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్ పంటి పింగాణీలోనే చారగా నిలిచిపోయింది. పన్ను ఊడి కొత్తది వచ్చేసరికి బయటపడింది, అంతే. మీరు క్యాను తెప్పించడం మొదలుపెట్టేనాటికి పాపకి నాలుగేళ్లు. అప్పటికే చాలావరకు జరిగిపోయింది. చారలు పైపైన ఉంటే పళ్ల డాక్టర్ కొద్దిగా అరగదీసి తగ్గించగలరు, లోతుగా ఉంటే పంటి రంగు పూత వేయగలరు. ఆ పిల్ల నవ్వు కోసం ఆ ఖర్చు పెట్టుకోవచ్చు.

మన నేలకు ఇది కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే ఈ జబ్బు గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, కనిగిరి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. మద్రాసు నుంచి వచ్చి పరీక్షలు చేసిన పరిశోధకులు షార్ట్, పండిట్, రాఘవాచారి అది రాశారు. భూమి అడుగున ఉన్న రాయిలో ఫ్లోరైడ్ ఉంది, ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి అది దిగుతుంది, మనం బోరు వేసి ఆ నీళ్లే పైకి తోడుకుంటాం.

ఇక మీ ఉత్తరంలో లేని మాట అడుగుతాను. వంటకు ఏ నీళ్లు వాడుతున్నారు?

నేను వెళ్లిన ఇళ్లలో చాలాచోట్ల ఒకటే దృశ్యం. వరండాలో ఇనుప స్టాండు మీద క్యాను, దాని మీద బోర్లించిన స్టీలు గ్లాసు. తాగడానికి అది. వంటింటి మూల నీలం డ్రమ్ము, అందులో బోరు నీళ్లు. బియ్యం కడగడం, ఎసరు పెట్టడం, పప్పు ఉడికించడం, టీ కాచడం అన్నీ డ్రమ్ములోంచే. "క్యాను నీళ్లు డబ్బులు పోసి కొంటున్నాం కదమ్మా, వంటకెలా పోస్తాం, ఎలాగూ మరుగుతాయిగా" అనేవాళ్లు. మరిగితే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్ చావదు, ఆవిరై పోదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు నాలుగు లీటర్లు పొయ్యి మీద పెట్టి మూడు లీటర్లయ్యేదాకా మరిగించారనుకోండి, మిగిలిన నీళ్లలో అది లీటరుకు 4 మిల్లీగ్రాములవుతుంది. గంజి వార్చకుండా వండిన అన్నం ఎసరునంతా పీల్చుకుంటుంది. పప్పూ అంతే. తాగేది మంచి నీళ్లే అయినా, కంచంలోకి వచ్చేది బోరు నీళ్లే. మూడేళ్ల బాబు తినేది ఆ అన్నం, ఆ పప్పు. మీ ఇంట్లోనూ ఇలాగే జరుగుతుంటే ఈ పూట నుంచే మార్చండి. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరు నీళ్లతో భయం లేదు. ఎసరుకు, పప్పుకు, టీకి, పిండి కలపడానికి మాత్రం క్యాను నీళ్లు వాడండి. ఖర్చు భారమైతే వానాకాలంలో మొదటి వాన వదిలేసి, ఆ తర్వాత శుభ్రమైన డాబా మీది నీళ్లు మూత ఉన్న ట్యాంకులో పట్టుకుని వంటకు వాడుకోవచ్చు. వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు.

టీడీఎస్ మీటర్ గురించి. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. 60 అంటే ప్లాంటులో నీళ్లను వడకట్టే పొర పని చేస్తున్నట్టే ఉంది, అంతవరకు సంతోషం. కానీ ఫ్లోరైడ్‌కు విడిగా పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో చేస్తారు. రెండు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి, గాజువి వద్దు. ఏ నీళ్లు పట్టాలో ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి నింపండి. ఒకదాని మీద "క్యాను" అని, ఇంకోదాని మీద "బోరు" అని రాయండి. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. గుడ్డలో వడకట్టినా, క్యాండిల్ ఫిల్టర్లో పోసినా ఫ్లోరైడ్ పోదు. ఆర్వోతో పోతుంది, యాక్టివేటెడ్ అల్యూమినా అనే పదార్థం నింపిన ఫిల్టర్‌తో పోతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి ఒకటుంది, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి నల్గొండ పేరే పెట్టారు. ఆ జిల్లా పడ్డ బాధ ఆ పేరులో ఉంది.

మామగారిని మూడు పనులు చేయమనండి. మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు రెండు పక్కలకు చాచి మడిచి తల వెనక పట్టుకోవడం. ఇవి చేయలేకపోతే ఫ్లోరైడ్ ఎముకల దాకా వెళ్లిందేమోనని అనుమానించాలి. అయితే మెడ అరుగుదలకూ ఇలాగే ఉంటుంది, కాబట్టి ఎక్స్‌రే తీయించాలి. ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో డాక్టర్‌కు చెప్పాలి. బిగుసుకున్న ఎముకను వెనక్కి తేలేం, కానీ నీళ్లు మార్చితే ఇంకా ముదరకుండా ఆపవచ్చు. ఇంట్లో అందరికీ పాలు, పెరుగు, రాగి జావ, ఆకుకూరలు, జామకాయ, ఉసిరి వీలైనంత ఎక్కువ పెట్టండి. క్యాల్షియం ఉన్న తిండి ఫ్లోరైడ్‌ను కడుపులోనే పట్టి ఉంచుతుంది. టీ ఆకులో సొంతంగా ఫ్లోరైడ్ ఉంటుంది, మామగారు రోజుకు నాలుగైదు టీలు తాగుతుంటే తగ్గించమనండి. పిల్లలకు అసలు వద్దు. బాబు పేస్టు మింగే వయసులో ఉన్నాడు, మీ ఊరి నీళ్ల సంగతి తెలుసు కాబట్టి వాడికి ఫ్లోరైడ్ లేని పేస్టు కొనండి.

ల్యాబ్ చీటీలో వచ్చిన అంకెలు నాకు రాసి పంపండి. ఎదురుచూస్తుంటాను.

*

ఇంట్లో బజ్జీలు వేయించాక మిగిలిన నూనె పారబోయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. మళ్లీ వాడుకోవచ్చా? బండి దగ్గర బజ్జీలు తినడం అంత ప్రమాదమా?
– గృహిణి, నెల్లూరు

పారబోయక్కర్లేదు. చల్లారాక వడకట్టి, రెండు రోజుల్లో తాలింపులకు వాడేయండి. మళ్లీ మూకుడు నిండా పోసి వేయించడానికి మాత్రం వద్దు. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తుంటే నూనె చెడి, అందులో పోలార్ పదార్థాలనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వ్యాపారులు వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. బండి దగ్గర మీటరు పెట్టి చూడలేం గానీ, కళ్లతో చూడొచ్చు. నూనె నల్లగా, చిక్కగా ఉన్నా, పైన నురగ కట్టి విడవకపోయినా, సన్న మంటకే పొగ వస్తున్నా అక్కడ తినకండి. నూనె బాగున్న చోట ఎప్పుడో ఒకసారి తింటే భయం లేదు. న్యూస్‌పేపర్లో మాత్రం పెట్టించుకోవద్దు, వేడి నూనెకు అచ్చు సిరా కరిగి బజ్జీకి అంటుతుంది. ఇంటి నుంచి ఒక స్టీలు డబ్బా తీసుకెళ్లండి.

*

మాది సిద్దిపేట. హైదరాబాద్‌లో రూమ్‌లో ఉండి చదువుకుంటున్న. మా నాయనమ్మ ఎనభై ఏళ్లదాకా సద్దన్నం తిన్నది, ఏమీ కాలేదు. నేను రాత్రి కుక్కర్లో మిగిలిన అన్నం పొద్దున నిమ్మకాయ పిండి తాలింపు పెట్టుకుని తింటే రెండుసార్లు వాంతులైనయి. సద్దన్నం మంచిదా కాదా?
– విద్యార్థిని

నాయనమ్మ తిన్నదీ, నువ్వు తిన్నదీ ఒకటి కాదు తల్లీ. ఆమె రాత్రి అన్నంలో నీళ్లో, గంజో, మజ్జిగో పోసి పెట్టేది కదా? తెల్లారేసరికి అది కొద్దిగా పులుస్తుంది. ఆ పులుపు చెడ్డ క్రిములను పెరగనివ్వదు. పొద్దున్నే ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయతో తినేసేది, మధ్యాహ్నం దాకా ఉంచేది కాదు.

నువ్వు చేసింది వేరు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి గింజలు ఉంటాయి, అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నం ముద్దగా, మూత పెట్టి రాత్రంతా ఉంటే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషం వేడికి పోదు. నువ్వు పొద్దున తాలింపు పెట్టినా, నిమ్మకాయ పిండినా అప్పటికే ఆలస్యమైపోయింది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు వస్తాయి. ఎప్పుడయ్యాయో గుర్తు చేసుకో, సరిపోతుందనుకుంటా.

అన్నం మిగిలితే వెడల్పు ప్లేటులో పరిచి చల్లార్చి, గంట రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టు. ఫ్రిజ్ లేకపోతే నాయనమ్మ చేసినట్టే చెయ్యి. అదీ కుదరకపోతే రాత్రికి సరిపడా మాత్రమే వండుకో. చదువుల్లో పడి పూట తప్పించకు.

*

మా అమ్మకు 63 ఏళ్లు. సోంపేట దగ్గర ఊరు. పెళ్లినాటి నుంచీ అడ్డపొగ తాగుతుంది. ఈ మధ్య కారం తింటే అంగిట్లో మంటగా ఉందని చప్పిడి కూరలు చేయించుకుంటోంది. డాక్టర్ దగ్గరికి వెళదామంటే "కారం మానేశాను కదే, ఇప్పుడు మంట లేదు" అంటోంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను. నిజంగా తగ్గినట్టేనా?
– ఒక కూతురు

తగ్గినట్టు కాదమ్మా. కారం మానేయడం వల్ల మంట తెలియడం లేదు, అంతే. దయచేసి ఈ వారమే చూపించండి.

అడ్డపొగ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పెదాలు మూసి పీల్చడం. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఎక్కువగా ఆడవాళ్లకు ఉన్న అలవాటు. నేను విశాఖలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు వార్డులో ఒక పెద్దావిడ వెలిగించని చుట్టతో నాకు చేసి చూపించింది. చుట్ట నోట్లో ఉండగానే నాతో మాట్లాడింది, పెదాలు కూడా పెద్దగా కదల్లేదు. "గాలికి ఆరిపోదు, బూడిద రాలదు, వలలు కుట్టుకుంటూ తాగొచ్చు, పెద్దోళ్లకు కనబడదు" అని ఎన్ని కారణాలు చెప్పిందో. తర్వాత నోరు తెరిచింది. అంగిలి అంతా సున్నం పూసినట్టు తెల్లగా, దాని మీద ఎర్రని చుక్కలు, వెనక వైపు ఒక పుండు. గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం మిగతాచోట్ల చాలా అరుదు. నిప్పు, పొగ రెండూ నేరుగా అక్కడే తగులుతాయి కాబట్టి అడ్డపొగ తాగేవాళ్లలో అది ఎక్కువ. ఆ పెద్దావిడ కూడా నొప్పి లేదనే ఆరు నెలలు ఆగింది.

మీరు ఊరెళ్లగానే పగటి వెలుగులో అమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పళ్ల సెట్టు ఉంటే తీయించండి, పుండు దాని కిందే దాక్కోవచ్చు. తల బాగా వెనక్కి వంచి నోరు తెరవమని ఫోన్ టార్చితో అంగిలి చూడండి. తెల్లని మచ్చ, ఎర్రని మచ్చ, గడ్డ, రెండు వారాలైనా మానని పుండు, మెడలో గడ్డ, ఏది కనబడినా ముక్కు చెవి గొంతు డాక్టర్ దగ్గరికో పళ్ల డాక్టర్ దగ్గరికో తీసుకెళ్లండి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మీకు ఏమీ కనబడకపోయినా ఒకసారి చూపించాల్సిందే, ఆ మంటే చాలు అందుకు. అలవాటు మానేస్తే ఈ మచ్చలు చాలామందిలో తగ్గుముఖం పడతాయి, ముదిరాక కాదు. నలభై ఏళ్ల అలవాటు, ఒక్కసారిగా మానేయమని కోప్పడితే దాచుకుని తాగుతుంది. ముందు నిప్పు కొస బయట పెట్టుకోమని రాజీ పడకండి, అలా తాగినా క్యాన్సర్ వస్తుంది. మానేయడానికి సాయపడే మందులు ఉన్నాయని, అవి డాక్టర్‌ను అడుగుదామని చెప్పండి.

ఇంకో మాట. హైదరాబాద్‌లో చూపిస్తే అక్కడి డాక్టర్ "పొగ తాగుతారా?" అని అడగవచ్చు. అమ్మ సిగ్గుపడి లేదనవచ్చు. లేదా మామూలు చుట్ట అనుకుని ఆయన పళ్లూ పెదాలూ చూసి ఊరుకోవచ్చు. అందుకని "మా అమ్మది అడ్డపొగ, నిప్పు లోపల పెట్టుకుంటుంది, అంగిలి చూడండి" అని మీరే ముందు చెప్పండి. ఆమె తాగే చుట్టల కట్ట కూడా సంచిలో వేసుకుని వెళ్లండి.